గేటు దాకనే పోయిన

మా లెక్కల సారు పోయిన్రని మొన్న పొద్దున పాలకుర్తిల చాయ్ హోటల్ కాడ తెలిసింది. గ్లాసు అట్లనే పెట్టి లేచిన. నాకు మాట్లాడుడు రాదు. రాసుడు అంతకన్న రాదు. సారుకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరనే ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్న.

అరవై తొమ్మిదిల తెలంగాణ ఉద్యమానికి బడి బందయితే, సారు తన ఇంటి అరుగు మీద మాకు లెక్కలు చెప్పిన్రు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది. పది పాసైనోళ్లను ఒక్కొక్కరినే పిలిచి, మార్కుల కాయితం చూసి, ఏ కాలేజికి దరఖాస్తు పెట్టాల్నో చెప్పేవారు. బడి వెనుక సీతాఫలం చెట్టు చూపించి, "ఎగిరితే అందేది వద్దు. కూసుంటే అందేది వద్దు. నిలవడితే అందేది చూసుకోవాలెరా," అనేవారు.

నేను మంచిగనే చదివేటోన్ని. ఫస్టు మాత్రం కాదు. "వరంగల్ల డిప్లొమా కాలేజి నీకు నిలవడితే అందేదే," అన్నరు. అక్కడి నుంచి పిలుపు కార్డు వచ్చింది. దాని వెనుక సారు పెన్సిలుతోటి బాట గీసిచ్చిన్రు. బస్టాండు, గేటు, లోపల ఎడమ పక్క రూము.

గేటు దాక పోయిన. నా ముందటి పిలగాడు "గీ కార్డు ఎవలకియ్యాలె సార్?" అని అడిగిండు. గేటు కాడ కూసున్న కోస్తా గుమాస్తా "ఎవలకియ్యాలె!" అని అదే తీరుగ అని నవ్విండు. అందరు నవ్విన్రు. ఆ పిలగాడు గూడ నవ్వి లోపలికి పోయిండు. నేను వాపసు బస్సెక్కిన.

"ఏమాయెరా?"

"సీటు రాలే సార్."

సారు నా మార్కుల కాయితం మళ్లొకసారి చూసిన్రు. "అయితే నా లెక్కనే తప్పింది," అన్నరు.

జనగాంల ఇంటర్ చేరి, నడుమనే ఇడిచిపెట్టి, ఎవుసం పట్టిన. అది నా రాత, పోనీ. పదేండ్లకు మా తమ్ముడు పది పాసైండు. వానికీ నా అన్నే మార్కులు. ఇద్దరం సారు దగ్గరికి పోయినం. తమ్ముడు ఆ కాలేజి పేరే ఎత్తిండు.

"అది ఎగిరితే అందేది బిడ్డా. మీ అన్నకే రాలే. నీ అసొంటోళ్లు ఎందరొచ్చినా నేను వద్దనే చెప్తున్న," అన్నరు సారు.

తమ్ముడు నా దిక్కు చూసిండు. అప్పుడన్న నోరు తెరవాలె. తెరవలే. వాడు ఇప్పటికీ గార్ల ఊర్లె ఒకల దుకాణంల పనిచేస్తుండు.

మొన్న సారు ఇంటికి పోతే ఆయన బిడ్డ గుర్తుపట్టింది. "అన్నా, బాపు మీ ముచ్చటే తీసేటోడు. ఆ ఒక్కనికి తప్పు చెప్పిన అనేటోడు," అన్నది. కాదు చెల్లే అన్న. అంతవరకే అని చెప్పులేసుకున్న.

ఇంటికొచ్చి పెట్టె తీసిన. కార్డు ఉన్నది. బస్టాండు నుంచి గేటు దాక గీత, ఆనాడు దాని మీద వేలు పెట్టుకుంట నడిచిన నా చేతి చెమటకు అలుక్కపోయింది. గేటు నుంచి రూము దాక మాత్రం సారు గీసినట్టే ఉన్నది.