ఎవరూ తవ్వని గుంత

మా చిన్నప్పుడు... తార్నాకలో మా వరండాలో కూర్చుని నాన్న, యూనివర్సిటీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు పేపర్లు దిద్దుతుండేవారు. ఓ సాయంత్రం లోపల ఫెళ్లుమని చప్పుడు. అక్క బయటికొచ్చి "నాన్నా, గ్లాసు పగిలింది" అంది.

"దానికదే పగిలిందా? ఎవురు పగలగొట్నారో చెప్పు" అన్నారు నాన్న. మాది కడప... ఇన్నేళ్లు ఇక్కడున్నా ఆయన యాస మారలేదు.

అక్క ఒప్పుకుంది. "నేనే... చెయ్యి తగిలించాను."

"అట్ల చెప్పల్ల." అంతే. తిట్టలేదు, కొట్టలేదు.

మా ఇంట్లో అదీ పద్ధతి. పాలు వాటంతటవే పొంగిపోవు... ఎవరో పొంగిస్తారు. తాళంచెవి పోదు... ఎవరో పారేస్తారు. పాసివ్ వాయిస్ పరీక్షలో రాయాలి, ఇంట్లో వాడకూడదు! అమ్మకి ఒళ్లు మండేది. "మీ గ్రామరు నా పొయ్యి దగ్గరికి తేవద్దండీ" అని గిన్నె టపీమని దించేది.

మొన్న ఆ నాన్నే, పొద్దున్నే క్యాంపస్‌లో వాకింగ్ చేసి వస్తూ, మా వీధి మలుపులో తవ్వి వదిలేసిన గుంతలో పడ్డారు. మూత లేదు, అడ్డు లేదు. తుంటి విరిగింది. ఇక కర్ర లేకుండా నడవలేరన్నారు డాక్టరు.

మున్సిపల్ ఆఫీసుకెళ్లి నిలదీశాను, ఫిర్యాదు రాసిచ్చాను. అక్కడి మనిషి తల కూడా ఎత్తలేదు.

"గాడ తవ్విన్రు మేడం, నిజమే. ఎవరు తవ్విన్రో మాకేం ఎరుక?"

"మూతెందుకు పెట్టలేదు?"

"పెట్టాల్సుండె... ఉండిపోయింది."

ఉండిపోయిందట! సిగ్గుండాలి.

తర్వాత ఆ ఫిర్యాదుకు నా ఫోనుకు జవాబొచ్చింది. "పనుల నిమిత్తం గుంత తవ్వబడినది. మూత అమర్చబడలేదు. వృద్ధులు చూసుకోకుండా నడిచి పడిపోయారు."

చూశారా? గుంత తవ్విన మనిషి లేడు. మూత మరిచిన మనిషి లేడు. ఆ మెసేజ్ మొత్తంలో ఏదైనా చేసిన మనిషి ఒక్కరే... మా నాన్న!

కోపం పట్టలేక, ఆయన మంచం పక్కన నిలబడి చదివి వినిపించాను. నాతో కలిసి నాలుగు తిడతారనుకున్నాను.

"ఔలేమ్మా... చూసుకోకుండా నడిచింది నేనే కదా" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. జీవితమంతా 'నేనే' అని ఒప్పుకున్న మనిషి దొరికాడు కదా అని, ఊరి తప్పంతా ఆయన నెత్తిన రుద్దేశారు...

ఆ రోజుల్లో ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది. ఇప్పుడు ఒప్పుకున్నవాడే దోషి. మీ ఇంట్లో కూడా 'నేనే చేశాను' అని చెప్పడం నేర్పిన పెద్దవాళ్లుంటే, వాళ్ల గురించి కింద రాయండి... వాళ్లని మాత్రం ఏ ఆఫీసుకీ ఒంటరిగా పంపకండి.