అమ్మ వీధి దాటిన పగలు

మా ముత్తాత తండ్రి పాళెగాడు. బేతంచెర్ల చుట్టుపక్కల ఊళ్లకు కావలి ఆయనదే, తీర్పూ ఆయనదే. కుంఫిణీవాళ్లు కోట పడగొట్టి ఆ హక్కులు లాక్కున్నాక, మా నాయన కాలానికి కొన్ని మెట్టచేలు మిగిలాయి. అయినా మా ఆడవాళ్లు పగటిపూట వీధిలోకి రాలేదు. మగవాళ్లు ఎవరి కిందా జీతానికి చేరలేదు.

ఆ కట్టుబాటు తప్పినవాడు మా తమ్ముడు. వానల్లేక చేలు ఎండిన ఏడాది పటాళంలో లారీ తోలే పనికి చేరిపోయాడు. వాడు మద్రాసులో చదువుతున్నాడని నాయన ఊరికి చెప్పాడు. మేమూ అదే చెప్పాం. అందులో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు.

జపానువాళ్లు అస్సాం కొండల్లోని కోహిమా మీద పడ్డారని తెలిసినప్పటి నుంచి ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అస్సాం దిక్కు పోతున్నానని తమ్ముడు పంపిన కబురే చివరిది. కరణం అరుగు మీద ఎవరైనా పేపరు చదువుతుంటే ఆగి వినలేను, ఎందుకని అడుగుతారు. పోస్టుమాను కనబడితే అమ్మ పొయ్యి దగ్గరే బిగుసుకుపోయేది.

వానలు మొదలయ్యాక, జపానువాళ్లు ఓడి వెనక్కి పోతున్నారని దండోరా వేశారు. చక్కెర పంచారు. నాయన తన వంతు చక్కెర నోట్లో వేసుకోలేదు. మాకు భయం అప్పుడే ఎక్కువైంది. పోరు సాగినన్నాళ్లు కబురు రాకపోవడానికి కారణముంది. గెలిచాక కూడా రాకపోతే?

అంతలో ఎదురింటి నేతవాళ్ల కొడుకు, అతనూ పటాళంలోనే ఉన్నాడు, చేతికి కట్టుతో సెలవు మీద దిగాడు. నేను లేవబోతే నాయన ఆపాడు.

“అడిగితే ఇంటి మాట వీధిలో పడుతుందిరా.”

“పడనీ,” అంది అమ్మ. నడి మధ్యాహ్నం గడప దిగి వీధి దాటింది. నేను వెనక పరుగెత్తాను.

మగ్గం ముందున్న నేతామె గబుక్కున లేచింది. “దొరసానమ్మా! కబురంపితే మేమే వస్తాంటిమి కదా!”

“మావాడు గూడా ఆడనే ఉండాడు మే.”

“తెలుసు తల్లీ, ఊరంతా తెలుసు. మద్రాసులో సదివేటోడు ఖాకీ నిక్కరేసుకొని రైలెక్కుతాడా?”

అమ్మ అది విననట్టు ఆమె కొడుకు వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు. అమ్మ మగ్గం గుంజ పట్టుకుంది.

“ఉండాడా, ల్యాడా? ఆ ఒక్కటి చెప్పప్పా.”

“ఉండాడమ్మా. లారీ లోయలో పడింది. కాలు తీసేసినారు. గౌహతి ఆస్పత్రిలో ఉండాడు. ఇంటికి చెప్పొద్దన్న్యాడు, నాయన తల దించుకోవల్సొస్తాదని.”

వెనక అలికిడైంది. గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు.

“గౌహతికి యాడ రైలెక్కల్లప్పా?” అని ఆ పిల్లవాణ్ణే అడిగాడు.

ఆ ప్రయాణానికి, తర్వాత మద్రాసులో వైద్యానికి, ఏటి పక్క చేను నాలుగెకరాలు అమ్మాం.