అడగకుండా తెంచిన నాలుగు వెంట్రుకలు

నా వేళ్లు చూసి ఎవరైనా "బీడీలు చుట్టిన చేతులంటే నమ్మలేం" అంటే నాకు గర్వం రాదు. చేతులు కొంగు కింద పెట్టుకుంటాను. ఈ నునుపు వెనక ఒక గుర్రం తోక ఉంది. ఇన్నేళ్లుగా ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను కాబట్టి, నన్ను నేను వెనకేసుకురాకుండా రాస్తాను.

నేతవాళ్లుండే దాజీ పేట్‌లో మా అత్తగారిది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో రెండు మరమగ్గాలు పొద్దున్నుంచీ దడదడలాడుతుండేవి. సాంచాలనేవాళ్లం వాటిని. మా ఆయన వాటి మీద తువ్వాళ్లు నేసేవాడు. అత్తా నేనూ గడపలో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. అవి ఎనభైల చివరి సంవత్సరాలు. సందుకు అవతల, సరిగ్గా మా గడపకెదురుగా ఒక రేకుల కొట్టం ఉండేది. ముసలి టాంగావాలా ఒకతను అందులో తన ఎర్ర ఆడగుర్రంతో పాటే కాపురముండేవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. సందులో అందరికీ అతను చాచానే.

ఆ గుర్రం తోక నేలను ఊడ్చేది. అశోక్ చౌక్‌లో టాంగాలు ఆగేచోట అంత తోక ఇంకో గుర్రానికి లేదని చాచా చెప్పుకునేవాడు, నిజం కూడా. ఆటోలు వచ్చాక టాంగా ఎక్కేవాళ్లు తగ్గిపోయినా, పెళ్లికొడుకును ఊరేగించడానికి మాత్రం ఆ తోక చూసి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. రోజూ పొద్దున గుర్రాన్ని బయట నిలబెట్టి, చెక్క దువ్వెన పట్టుకుని, చిక్కు పడ్డచోట వేళ్లతో విడదీసుకుంటూ దువ్వేవాడు. మా అత్త చూసి, "ఆడివిల్లకు జడేస్తున్నడు సూడు" అని నవ్వేది.

ఆ ఏడాదే నా కుడిచేతి వేళ్ల మీద పులిపిర్లు లేచాయి. మొదట ఒకటి, ఆ తర్వాత మరో మూడు. చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు వెళ్తే, వరసలో నా పక్కనున్న ఆమె తన చాట ఎత్తి అవతల పెట్టుకుంది. "నోట్ల వెట్టుకునేటివి గదనే బీడీలు" అంది. గొంతు తగ్గించే అంది, కానీ నాకు వినపడేంతే తగ్గించింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా ఎడమచేత్తో తిన్నాను.

మా అత్తే మందు చెప్పింది. "గుర్రం తోక ఎంటిక తెచ్చి పులిపిరి మొదట్ల బిగ్గ కట్టు. పది దినాలల్ల రాలిపోతది. గని అడిగి తేవద్దు. అడిగితే పని చెయ్యది."

నాకు వయసు ఇరవై రెండు. పదో తరగతి చదివాను. అడగడానికీ పులిపిరికీ సంబంధమేమిటని ఒక్కసారైనా అనుకోవలసింది. అనుకోలేదు. అడగక్కర్లేదన్న మాట నాకు బాగా కలిసొచ్చింది, అంతే. అడిగితే చాచాకు నా వేళ్లు చూపించాలి కదా. మధ్యాహ్నం అతను నమాజుకు పోగానే సందు దాటి వెళ్లి, ఒక్కొక్కటిగా నాలుగు పొడుగాటి వెంట్రుకలు లాగాను. నాలుగోదానికి గుర్రం ఉలిక్కిపడి తోక కాళ్ల మధ్యకు ముడుచుకుంది. నాకు నవ్వొచ్చింది.

పులిపిర్లు రాలిపోయాయి. అక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది. కార్ఖానాలో వేళ్లు చాచి అందరికీ చూపించాను. ఎలా పోయాయని అడిగితే, ఏ సందు, ఏ కొట్టం, చాచా ఏ వేళకు ఉండడు, అన్నీ చెప్పాను. అడగకుండా తీయాలన్నదీ మరిచిపోకుండా చెప్పాను. చాట పక్కకు జరుపుకున్న ఆమే అందరికంటే ముందు వచ్చింది. ఆమెకు మెడ మీదుంది పులిపిరి. ఆ తర్వాత నీలం నగర్ నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. మా గడప దగ్గర ఆగి మంచినీళ్లు అడిగేవాళ్లు. నేను నీళ్లిచ్చి, గడ్డంతో కొట్టం వైపు చూపించేదాన్ని. వాళ్ల ముందు పెద్ద వైద్యురాలిలా ఉండేది నా వాలకం. తనకొకటి తీసుకుని, తోడికోడలికి రెండు, ఆడపడుచుకు రెండు పట్టుకుపోయినవాళ్లూ ఉన్నారు.

రెండు నెలల్లో తోక పాత చీపురులా అయింది. చాచా దాణా మార్చాడు. వేపనూనె రాశాడు. దువ్వడం తన పాపమేమోనని దువ్వెన తీసి చూరులో చెక్కాడు. చివరికి పశువుల డాక్టర్ను పిలుచుకొచ్చాడు. ఆయన తోకెత్తి చూసి, కడుపులో పురుగులున్నా, దురద ఉన్నా గుర్రం గోడకు రాసుకుంటుందని, అలా రాసుకుంటోందేమో ముందు కనిపెట్టమని చెప్పి వెళ్లాడు.

చాచా నేరుగా మా గడప దగ్గరికి వచ్చాడు. "బేటీ, నువ్వు దినమంత ఈడనే కూసుంటవు. నేను లేనప్పుడు అది గోడకు రాసుకుంటుందా, జర ధ్యాన్ పెట్టి సూడు."

మూడు రోజులు చూశాను. గుర్రం గోడకు ఒక్కసారి కూడా రాసుకోలేదు. ఆ మూడు రోజుల్లో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి వెంట్రుకలు లాక్కుపోయారు, అదీ చూశాను. నాలుగో రోజు సాయంత్రం చాచా అడిగాడు. తడబడి ఉంటే, ఒక్క క్షణం ఆగి ఉంటే, కనీసం అదైనా రాసుకునేదాన్ని. ఆగలేదు.

"రాసుకుంటుంది చాచా. మస్తు రాసుకుంటుంది" అన్నాను.

అయితే గోడకు తగలకుండా తోకకు పట్టీ కట్టాలన్నాడు. నేనే ఉరికి సాంచ మీది గుడ్డలోంచి పొడుగ్గా ఒక పేలిక కోసుకొచ్చాను. నేనే కట్టాను. మొదలు నుంచి చుట్టి, తెగిన పోగులకు వేసే ముడి వేశాను. గుంజినకొద్దీ బిగుసుకునే ముడి అది. పట్టీ ఉంటే ఇంకెవరూ వెంట్రుక లాగలేరు, తోక మళ్లీ పెరుగుతుంది, నా అబద్ధం బయటపడదు. ఇదీ నా లెక్క. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను, ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. పైగా చెప్పాను, "ఇప్పకు చాచా, మల్ల వదులైతది" అని.

విప్పలేదు. నేను చెప్పానని విప్పకుండా, పొద్దునా సాయంత్రం వేపాకు మరగబెట్టిన నీళ్లు ఆ పట్టీ మీదే పోశాడు.

సాంచ మీంచి తీసిన కోరా గుడ్డ మొదటిసారి నీళ్లు తాగితే ముడుచుకుంటుంది. నేతపని ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. తువ్వాలు నేసేటప్పుడే ముడత కోసం జానెడు ఎక్కువ వదులుతారు, రోజూ నా కళ్లముందే వదిలేవారు. ఎదురుగా కూర్చుని చాచా నీళ్లు పోయడం చూస్తూ నేను బీడీలు చుట్టాను. నాకు తట్టలేదు. ఎలా తట్టలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఐదో రోజు గుర్రం మేత ముట్టలేదు. చాచా దగ్గరికి పోతే ఎన్నడూ లేనిది కాలు విసిరింది. వాసన సందులోకి వచ్చింది. డాక్టర్ వచ్చి పట్టీ విప్పబోతే ముడి ఊడలేదు. కత్తెర పెట్టి కోయాల్సి వచ్చింది. నేను బీడీ ఆకు కత్తిరించే కత్తెరే ఇచ్చాను. కింద తోక నల్లబడి, చచ్చి ఉంది.

"ఎవడు కట్టాడిలా?" అని డాక్టర్ గట్టిగా అరిచాడు.

నేను గడపలో నిలబడి ఉన్నాను. చాచా నావైపు చూడలేదు. "నేనే కట్టిన సాబ్. ముసలోని చేతులు, తెల్వలె" అన్నాడు.

నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. నేను లోపలికి వెళ్లి సాంచ వెనక నిలబడ్డాను. ఆ చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినపడదు.

తోకలో సగం పైగా తీసేశారు. జానెడు మొండి, దాని మీద పది, పదిహేను వెంట్రుకలు మిగిలాయి. పెళ్లివాళ్లు రావడం మానేశారు. చౌక్‌లో టాంగా ఆపినప్పుడు చాచా దిగి, పాత తువ్వాలుతో గుర్రం మీది ఈగలను తోలుతూ నిలబడేవాడు. తోక చేయాల్సిన పని అది. ఆ తువ్వాలు మా ఇంట్లో నేసిందే.

వానాకాలం పోయాక ఒకనాడు పొద్దున చాచా బొటనవేలు చాచుకుంటూ మా గడపకు వచ్చాడు.

"నాకు గూడ లేసింది బేటీ, ఇగో. గుర్రం ఎంటిక కడితే పోతదని చౌక్‌ల చెప్పిన్రు. అడగకుండ తియ్యాల్నట. నా గుర్రాన్ని నేను అడుగుడేంది!" అని నవ్వాడు. "నాకు కండ్లు ఆనుతలేవు. నువ్వొకటి తీసియ్యి. నీ చెయ్యి మంచిది."

వెళ్లాను. అతను గుర్రం మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. నేను వెనక్కి వెళ్లి చెయ్యి చాచానో లేదో, అది వణికింది. ఆ మొండి తోకను కాళ్ల మధ్యకు ముడుచుకుని, గిర్రున తిరిగి, వెనకభాగం గోడకు గట్టిగా ఆనించి నిలబడింది. రాసుకుంటుందని నేను చెప్పిన గోడే అది.

చాచా గుర్రాన్ని చూశాడు. గోడను చూశాడు. నా దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. వేళ్ల మీద నాలుగు తెల్లటి మచ్చలు ఇంకా పోలేదు.

"ఇవి ఎన్నడు పోయినయ్?"

"తోక పోకముందు" అన్నాను. ఆ ఒక్కసారి నిజం చెప్పాను.

నా చెయ్యి వదిలేశాడు. ఆ తర్వాత చూరులో చెక్కిన దువ్వెన తీసి నా చేతిలో పెట్టాడు. పళ్ల నిండా పాత పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. "రోజు ఇన్ని పారేస్తుంటి. ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద బేటీ" అన్నాడు.



అతను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా నన్ను బేటీ అనే పిలిచాడు. గుర్రాన్ని కట్టే పద్ధతి మాత్రం మార్చాడు. ఆ రోజునుంచి దాని తోక గోడవైపు, తల మా గడపవైపు. నేను బీడీలు చుట్టినంతసేపూ అది కళ్లు తిప్పకుండా నా చేతులకేసే చూసేది.