ఒరిజినల్ చూడకుండా పెట్టిన టిక్కు

మా లైబ్రరీలో ఆకుపచ్చ టిక్కు కనిపిస్తే అది నాది. ఆ పెన్ను ఇంకెవరూ ముట్టుకోరు, ముట్టుకోనివ్వను. శ్రీకాకుళం జిల్లాలో ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో పరిశోధన జర్నళ్ల విభాగం చూసేది నేను. కెమిస్ట్రీ వాళ్ల కోసం నెలకొకసారి ఒక కాగితం తయారు చేస్తాను. ఏ జర్నల్ మనకి కొత్తగా తెరుచుకుంది, దేనికి గడువు తీరిపోయింది, ఏది ప్రచురణకర్తని మార్చింది, పేపరు పంపాలంటే ఏ వెబ్‌సైటుకి పంపాలి, అన్నీ అందులో ఉంటాయి. నేను స్వయంగా చూసిన ప్రతి చిరునామా పక్కనా ఒక టిక్కు ఉంటుంది.

ఈ కాగితాన్ని చదివించడానికి నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే ఒక రోజు చాలదు. మెయిల్ పంపిస్తే తెరవరు. వాట్సాప్ గ్రూపులో పెడితే దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. మొత్తం గ్రూపంతా దండాలే! మర్నాడు లైబ్రరీకి వచ్చి, నిన్న పంపిన విషయమే నన్ను అడుగుతారు. నాకసలే ముక్కు మీద కోపం. ఆఖరికి ఒక ఉపాయం తట్టింది. వాళ్ల విభాగంలో రసాయనాల స్టోరు ఒకటుంది. ఆసిడ్ సీసా కావాలన్నా, ఫిల్టరు కాగితం కావాలన్నా ఆ తలుపు ముందు చీటీ పట్టుకుని నిలబడాల్సిందే. స్టోరు చూసే ఆయన నెమ్మది మనిషి, ఒక సీసా వెతకడానికి పావుగంట పడుతుంది. ఆ తలుపుకి నా కాగితం అతికించడం మొదలుపెట్టాను. వేరే పని లేక అందరూ చదివారు. అప్పటినుంచి అదే అలవాటైంది.

ఆకుపచ్చ సిరా మాత్రం మా నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా చేశారు, గెజిటెడ్ హోదా. మాది శ్రీకూర్మం దగ్గర. ఉద్యోగానికో కాలేజీకో అప్లికేషన్ పెట్టేవాళ్లంతా సర్టిఫికెట్ల జిరాక్సుల మీద ఆయన ఆకుపచ్చ సంతకం కోసం పొద్దున్నే మా అరుగు మీద కూర్చునేవారు. అసలుది చూడందే ఆయన పెన్ను మూత తీసేవారు కాదు. ఎంత తెలిసినవాళ్లయినా సరే, సొంత మేనల్లుడినైనా సరే, ఒరిజినల్ తెమ్మని వెనక్కి పంపేసేవారు. మా అత్త దీని మీద ఆయనతో ఆర్నెల్లు మాట్లాడలేదు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు తన పెన్ను నా చేతిలో పెట్టారు. ఆ కథంతా నేను లైబ్రరీకి వచ్చే పరిశోధకులందరికీ గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొప్పే నన్ను ముంచింది.

ఇక అసలు సంగతికి వస్తాను. కెమిస్ట్రీలో ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుండేది. నరసన్నపేట పక్క పల్లె, వరి పండించుకునే ఇల్లు, ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. జీడిపిక్క పెంకుల నుంచి తీసిన నూనెతో ఇనుము తుప్పు పట్టకుండా చేయవచ్చా అన్నది ఆమె పరిశోధన. పలాస నుంచి బస్తాల్లో పెంకులు తెచ్చుకునేది. ఆ నూనె చర్మానికి తగిలితే కాలుతుంది. గ్లవుజులు వేసుకున్నా ఎక్కడో ఒకచోట అంటుకునేది. లైబ్రరీలో పుస్తకం తిప్పుతుంటే ఆమె వేళ్ల చివర్లు నల్లబడి పొరలు ఊడుతూ కనిపించేవి. కొబ్బరినూనె రాసుకోవే అంటే రాసుకుంటున్నాను మేడమ్ అనేది, రాసుకునేది కాదు. పుస్తకాలకి జిడ్డు అంటుతుందని నేను గతంలో ఎప్పుడో కసిరిన మాట గుర్తుపెట్టుకుందని తర్వాత తెలిసింది.

థీసిస్ ఇవ్వాలంటే ముందు మంచి జర్నల్లో ఒక పేపరైనా అంగీకారం పొంది ఉండాలని మా దగ్గర నియమం. ఆమెకి గడువు అప్పటికే ఒకసారి పెంచారు. ఆ టర్ము దాటితే మళ్లీ పెంచరు, రిజిస్ట్రేషనే పోతుంది. ఆ సంగతి విభాగంలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఒక పొద్దున్న ఆమె స్వీట్ల పెట్టె పట్టుకుని లైబ్రరీకి పరుగెత్తుకొచ్చింది. పేపరు ఒప్పుకున్నారట. ముందు నాకే చెబుతోందట. జర్నల్ పేరు చెప్పింది. మంచి జర్నల్, తుప్పు మీద పనిచేసేవాళ్లకి పెద్ద పేరున్నది. నేనూ సంతోషంగా స్వీటు నోట్లో పెట్టుకుని, ఎన్నాళ్లకి వచ్చింది జవాబు అని అడిగాను.

"నాలుగు రోజులే మేడమ్" అంది.

నమలడం ఆపేశాను. ఆ జర్నల్ వాళ్లు పేపరు అందిందని చెప్పడానికే నాలుగు రోజులు తీసుకుంటారు. చదివి, ఇద్దరు ముగ్గురు నిపుణులకి పంపి, తప్పులు పట్టి, దిద్దించి ఒప్పుకునేసరికి నెలలు గడుస్తాయి. మెయిల్ చూపించమన్నాను. కింద ఉన్న వెబ్‌సైటు చిరునామా చూస్తే నాకు తెలిసిన ప్రచురణకర్తది కాదు. అదే పేరు, అదే అట్ట బొమ్మ, అదే జర్నల్ నంబరు పెట్టుకుని ఎవరో దొంగ సైటు నడుపుతున్నారు. ఇలాంటివి ఈమధ్య పుట్టగొడుగుల్లా లేచాయి. ఈ సైటు నీకెవరు చెప్పారే అని గట్టిగానే కసిరాను.

ఆమె ఫైలు తెరిచి, నెల మారాక స్టోరు తలుపు మీంచి తీసి దాచుకున్న నా కాగితం బయట పెట్టింది. మూడు నెలల కిందటిది. ఆ జర్నల్ పేరు, దాని కింద ఆ చిరునామా, పక్కన ఆకుపచ్చ టిక్కు.

తల కొట్టేసినట్టయింది. ఎలా జరిగిందో వెంటనే గుర్తొచ్చింది. ఆ జర్నల్ ప్రచురణకర్తని మార్చిందని విన్నాను. కొత్త చిరునామా కోసం కంప్యూటర్లో వెతికితే మొదట వచ్చింది ఇదే. తెలిసిన పేరు, తెలిసిన అట్ట, ఇంకేం కావాలనుకుని టిక్కు పెట్టేశాను. మా లైబ్రరీకి అచ్చులో వచ్చిన ఆఖరి సంచిక నా బల్లకి పది అడుగుల దూరంలో అలమారలో ఉంది. లేచి వెళ్లి తీశాను. అట్ట లోపలి పేజీలో, ఇకపై మా చిరునామా ఇది అని కొత్తది చక్కగా అచ్చువేసి ఉంది. ఒరిజినల్ నా గదిలోనే ఉంది! పది అడుగులు నడవలేదు నేను.

ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. పంపేముందు నువ్వు చూసుకోవాలి కదా అని అనేసి చేతులు దులుపుకోవచ్చు. ఆమె నోరెత్తదు. ఆమె గైడు కూడా ఆమెనే తిడతాడు. ఆ ఆలోచన రెండు నిమిషాలు నాతో ఉంది. తర్వాత ఆమె వేళ్ల వంక చూశాను. సిగ్గేసింది. కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను.

ఆమె ఆ టిక్కు మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అంది, "మీరు టిక్కు ఎట్టారు కదా మేడమ్. మరింకేటి సూడాలి నాను?"

ఆ కాగితం ఆమె దగ్గర నుంచి తీసుకున్నాను.

కూర్చుని ఏడ్చే రకాన్ని కాను. నా పని నాకు వచ్చు. ముందు అడిగింది ఒకటే, కాపీరైట్ కాగితం మీద సంతకం పెట్టి పంపేశావా అని. పంపలేదంది. దాని మీద గైడు సంతకం కూడా కావాలి, ఆయన ఊళ్లో లేరు. అమ్మయ్య అనుకున్నాను. ఆ దొంగలు పేపరుని సైటులో పెట్టేస్తే అసలు జర్నల్ వాళ్లు ముట్టుకోరు, ఎక్కడో అచ్చయిపోయింది కదా అంటారు. ఇంకా పెట్టలేదు. అప్పటికప్పుడు ఆమె పేరు మీద ఉపసంహరణ ఉత్తరం రాయించి పంపించాను. రుసుము కడితేనే వెనక్కి ఇస్తామని జవాబు వచ్చింది. సంతకం లేనిదే మీకు ఏ హక్కూ రాదు, ఒక్క పైసా కూడా ఇచ్చేది లేదు అని రెండు ముక్కల్లో రాయించాను. తర్వాత అట్ట లోపలి పేజీలో ఉన్న చిరునామాకి, అసలు సంపాదకుడికి నేనే రాశాను. ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో దాచకుండా రాశాను.

గైడు ఊరినుంచి వచ్చిన రోజు నా కాగితం పట్టుకుని ఆయన గదికి నేనే వెళ్లాను. ఆ అమ్మాయిని వెంట తీసుకెళ్లలేదు. ఆయన ఎర్రబడ్డాడు, కుర్చీలోంచి లేచాడు, నన్ను ఏమనాలో తెలియక కిటికీ తలుపు వేసి మళ్లీ తీశాడు. కాసేపటికి కూర్చుని, ఆ అమ్మాయి ఆ సైటు తనకీ చూపించిందనీ, టిక్కు ఉంది కదా అని తనూ తెరిచి చూడలేదనీ చెప్పాడు. నా టిక్కుకి అంత విలువ ఉందని ఆ రోజు తెలిసింది. తెలిసినందుకు సంతోషించలేకపోయాను.

ఇంట్లో నాన్నకి చెప్పాను. ఆయనకి జర్నళ్లూ వెబ్‌సైట్లూ తెలియవు. కాఫీ తాగడం ఆపేసి విన్నారు. తిడతారనుకున్నాను.

"ఇదొక్కటేనా, ఇంకేటేటికి సూడకుండా పెట్టావు?" అన్నారు.

అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. మర్నాడే మొదలుపెట్టి, అంతకు ముందు ఏడాదిలో పెట్టిన టిక్కులన్నీ తిరగేశాను. ప్రతి చిరునామానీ అచ్చు సంచికతోనో ప్రచురణకర్త జాబితాతోనో పోల్చాను. ఇంకొకటి పాతబడిన చిరునామా దొరికింది, అదృష్టం కొద్దీ అటు ఎవరూ పోలేదు. ప్రతి పొద్దున్నా ఆఫీసుకి రాగానే మొదట ఆ దొంగ సైటు తెరిచి, ఆమె పేపరు పెట్టారేమోనని చూసేదాన్ని. లేకపోతే ఆమెకి ఫోన్లో ‘లేదు’ అని ఒక్క మాట పంపేదాన్ని. ఆమె దండం బొమ్మ పెట్టేది. ఆ బొమ్మ మీద నాకు కోపం రాలేదు.

ఆ నెల కాగితంలో మొదటి అంశంగా నా తప్పు రాశాను. ఫలానా జర్నల్ పక్కన నేను పెట్టిన టిక్కు తప్పు, ఆ సైటు దొంగది, అసలు చిరునామా ఇదీ, చూడకుండా పెట్టింది నేనే అని పెద్ద అక్షరాల్లో. అతికించడానికి వెళ్లే అటెండరు నా కన్నా పెద్దవాడు. అది చదివి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, ఇది కూడా అతికించీమంటావేటి?" అన్నాడు.

ముందు అదే అతికించమన్నాను. స్టోరు తలుపు ముందు నిలబడ్డవాళ్లంతా చదివారు. కొందరు నవ్వుకున్నారట. నవ్వుకోనీ. కానీ ఆ వారంలోనే ముగ్గురు వచ్చి తమకి వచ్చిన మెయిళ్లు చూపించి, ఇది అసలుదేనా మేడమ్ అని అడిగారు. అందులో ఒకటి నకిలీదే. అంతకు ముందు అడగడానికి మొహమాటపడేవారట, మేడమ్ కసురుతుందని. అది విని లెంపలు వేసుకున్నాను.

నేను రాసిన ఎనిమిది రోజులకి అసలు సంపాదకుడి దగ్గరనుంచి జవాబు వచ్చింది. ఇలా మోసపోయినవాళ్లు మీరు మొదటివాళ్లు కారు, పేపరు మాకు పంపండి, మామూలు వరుసలోనే చూస్తాం అని రాశాడు. వరుస తప్పించమని మేమూ అడగలేదు. చదివిన నిపుణుల్లో ఒకరు, ఉప్పునీళ్లతో ప్రయోగశాలలో చేసిన పరీక్ష చాలదు, అసలు సముద్రపు నీళ్లతో చేయండి అన్నాడు. ఆ అమ్మాయి మర్నాడే క్యాన్లు పట్టుకుని కళింగపట్నం బస్సెక్కింది. ఇనుప ముక్కల్ని వారాల పాటు ఆ నీళ్లలో ముంచి ఉంచి, రోజూ తూచి రాసుకుంది. టర్ము తరిగిపోతూనే ఉంది. మధ్యలో ఎప్పుడైనా లైబ్రరీకి వచ్చినా నాతో అవసరమైనంత వరకే మాట్లాడేది. నేనూ పొడిగించలేదు.

టర్ము ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం వచ్చింది. ఈసారి స్వీట్లు లేవు. చేతిలో అంగీకార ఉత్తరం ప్రింటు, చంకలో ల్యాప్‌టాప్. నా బల్ల దగ్గరికి రాకుండా ముందు అలమార దగ్గరికి వెళ్లి, ఆ ఆఖరి అచ్చు సంచిక తీసుకుంది. అట్ట లోపలి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. పక్కన ల్యాప్‌టాప్‌లో జర్నల్ సైటు తెరిచింది. దాని పక్కన ఉత్తరం పెట్టింది.

"ఒరిజినల్ తెచ్చాను మేడమ్" అంది. "సూసి పెట్టండి."

కూర్చోమంటే కూర్చోలేదు. నేను చిరునామా ఒక్కో అక్షరం పోల్చాను. జర్నల్ నంబరు పోల్చాను. సంపాదకుడి పేరు, పేపరు పేరు, ఆమె పేరు, ఆమె గైడు పేరు చూశాను. ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో మెయిల్ తెరిపించి మరీ చూశాను. పావుగంట పట్టింది. అంతసేపూ నల్లబడ్డ వేళ్లు బల్ల అంచు మీద ఆనించి అలాగే నిలబడింది. అప్పుడు పెన్ను మూత తీసి ఉత్తరం మీద టిక్కు పెట్టాను.

ఆమె కాగితం అందుకుని, టిక్కు చూసి, మళ్లీ నా ముందు పెట్టింది.

"తేదీ కూడా ఎయ్యండి" అంది.

వేశాను.