లారీ మింగిన మాట

దొరల మీద జనం తిరగబడ్డ గొడవల రోజుల్లో మా ఆయనను గొర్రెల దొడ్డి దగ్గరే పట్టుకున్నారు. తుంగతుర్తి అవతల మా ఊరు. తుపాకులవాళ్లు పొద్దున్నే లారీ దిగి, మంద తోలబోతున్న మనిషిని రెక్క పట్టి ఈడ్చుకుపోయారు. ఎందుకో అడిగితే తోసేశారు. ఆ ఈడ్పులో ఆయన ఒంటి మీదివీ కాళ్లవీ ఊడిపడుతుంటే ఏరుకుంటూ వెనక పరుగెత్తాను. లారీ కదిలింది. ఆయన నా వైపు చెయ్యి చాపి ఏదో అరిచాడు. ఆ మోతలో నాకు అందినవి రెండు ముక్కలే. ముందు "...న్న", తర్వాత "సెప్పు".

ఇది రాస్తున్న మా మనవరాలు మధ్యలో ఏం పెట్టాలని అడిగింది. చుక్కలు పెట్టమన్నాను. ఆ చుక్కల్లోనే నేను చాలాకాలం బతికాను.

ఎవరికి చెప్పమన్నాడు? ఏం చెప్పమన్నాడు? రోకలి ఎత్తినా అదే, పాలు పిండినా అదే. చెప్పాల్సినవాళ్లకు చెప్తే విడిపిస్తారేమో, నేను చెప్పక ఆయన లోపలే ఉండిపోయాడేమో అనిపించేది. చివరికి "అన్నకు సెప్పు" అనే అని ఉంటాడని తేల్చుకున్నాను. ఆయన అన్న కాపురం కోదాడలో. సూర్యాపేట దాకా నడిచి బస్సెక్కాను.

బావ నన్ను వాకిట్లోనే ఆపాడు. "ఏం సెప్పమన్నడు?"

"అదే తెల్వదు బావా. నీకు సెప్పమన్నడు."

"నాకేం సెప్తడు? దాక్కున్నోళ్లకు బువ్వ గిట్ల పెట్టిండా? జర నన్ను గిందుట్లకు గుంజకు."

మా తోటికోడలు పుట్టి పెరిగింది కోదాడలోనే. చాటలో బియ్యం ఏరుతూనే నవ్వింది. "ఏం చెప్పాలో తెలియకుండానే ఇంత దూరం వచ్చావా? సంచి మరిచి సంతకొచ్చినట్టుంది నీ వరస."

మంచినీళ్లు తాగి లేచాను. అన్న కాకపోతే చిన్న అయి ఉండాలి. ఆయన తన చెల్లెలిని "చిన్నా" అనే పిలిచేవాడు. ఆ పిల్లను మిర్యాలగూడ దగ్గర త్రిపురారంలో ఇచ్చారు. అక్కడికి పోయి అడిగిందే ఆలస్యం, నన్ను పట్టుకుని ఏడ్చింది.

"నాకే వదినె! ఈసారి ఈనిన గొర్రెను నాకిస్తనని మాటిచ్చిండు. గదే యాదికొచ్చి సెప్పమన్నడు."

ఎంత నమ్మకంగా అందంటే, ఆ మాట నాకు ఆయన గొంతులోనే వినిపించింది. ఇంటికొచ్చి గొర్రెను పంపించాను. పంపించాక కొన్నాళ్లు నిద్ర పట్టింది. తర్వాత అదీ పోయింది.

గొడవలు సద్దుమణిగాక, అదే లారీలో పోయిన మా వాడకట్టు మనిషి ఒకడు తిరిగొచ్చాడు. సూర్యాపేట అంగట్లో నన్ను చూసి తల వంచుకున్నాడు. జైల్లో జ్వరమొచ్చి మా ఆయన పోయాడని అతని నోటనే విన్నాను. ఏడుపు రాలేదు. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది.

"నువ్వు పక్కనే ఉంటివి గదా తమ్మీ. లారీ కదిలేటప్పుడు ఏమన్నడు?"

"సెప్పు అడిగిండు అక్కా."

"ఏం సెప్పమన్నడు?"

"సెప్పుమనుడు కాదే అక్కా, కాలి సెప్పు! 'నిన్న కుట్టిచ్చిన సెప్పు, ఇటెయ్యి' అని మొత్తుకున్నడు. నీ చేతులనే ఉండె గదా?"

ఉండింది. ఆ రోజు గొంగడి చంకలో, ఆ ఒంటి చెప్పు కుడిచేతిలో. ముందురోజే బొటనవేలి ఉంగటం తెగితే కుట్టించుకొచ్చాడు. నేను దాన్ని గుండెకు అదుముకుని, "ఎవలికి సెప్పాలె, ఎవలికి?" అని లారీ వెనక అరుస్తూ నిలబడ్డాను.

మర్నాడు నా గాజులు పగలగొట్టారు. ఆడబిడ్డ ఇప్పటికీ గొర్రె మాటే అంటుంది. నేను కాదనలేదు.

చెప్పు మా ఇంటి చూరులో ఉంది. అప్పుడప్పుడు తీసి దుమ్ము దులుపుతాను. తుపాకుల మధ్య కూర్చున్న మనిషి చెప్పు అడిగాడంటే, తిరిగి నడిచి వస్తాననే అనుకున్నాడు. అలా అనుకుంటే కాస్త తెరిపిగా ఉంటుంది. వెంటనే ఇంకోటి తోస్తుంది: లారీ ఇనుము వేడికి అరికాళ్లు కాలి అడిగాడేమో, అంతేనేమో. కానీ అంత పొద్దున్నే ఇనుము కాలదు కదా అని మళ్లీ నాకు నేనే అంటాను.