చిన్నాయన ట్రాక్టర్ మలిపిన చోటు

మొన్న పొద్దున తెల్లాపూర్ల బిడ్డ ఇంట్ల చాయ్ తాగుతుంటే టీవీల చూపించిన్రు, ఏదో దేశంల రన్‌వే మీదికి ఒక బండి అడ్డమొచ్చిందట, దిగబోయిన విమానం మళ్ళ పైకి లేచిపోయిందట. మా అల్లుడు నవ్వి, అంత పెద్ద రన్‌వే కనబడదా, ఆ డ్రైవర్‌కు కండ్లున్నయా లేవా అన్నడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టిన. కండ్లుండి గూడ మనిషి రన్‌వే మీదికి ఎట్ల పోతడో నాకెరుక, గట్ల పోయినోడు మా చిన్నాయన.

మన తరమోళ్ళకు యాదికుండే ఉంటది, పటాన్‌చెరు చుట్టుముట్టు ఫ్యాక్టరీలు లేసే కాలంల భూములు పోయినోళ్ళు తలా ఒక దిక్కు పనికి కుదిరిన్రు. బొల్లారం దిక్కున్న మా జొన్న చెలక మందుల కంపెనీ కిందికి పోయినంక, మా నాయన తమ్ముడు, అదే మా చిన్నాయన, పట్నం అవతల ఒక విమానాల మైదానంల గడ్డి కోసే ట్రాక్టర్ మీద కుదిరిండు. కొన్నాళ్ళకు నన్ను గూడ తీస్కపోయి, విమానాలకు అడ్డమొచ్చే పిట్టలను వెళ్ళగొట్టే జీపు మీద పెట్టిచ్చిండు. నేను హారన్ కొట్టుకుంట, పటాకులు కాల్చుకుంట గద్దలెంట తిరిగేది. ఊర్ల జొన్న చేను కాడ పిట్టలు కొట్టినోనికి పట్నంల జీతమిచ్చి అదే పని చెప్పిన్రని మా చిన్నమ్మ ఎక్కిరిచ్చేది.

చిన్నాయన సంగతి వేరు. చెలక పోయిన కాన్నుంచి కడుపునిండ తినని మనిషికి ఆ గడ్డి చూసినంక పానం లేసొచ్చింది. కంచె లోపల కనుచూపు మేర పచ్చటి నేల, వానకాలమొస్తే మోకాలెత్తు గడ్డి, అడిగేటోడు లేడు, అమ్మేటోడు లేడు. తలకు రుమాలు చుట్టుకొని, నాగలి పట్టినోడు సాలు చూసుకున్నట్టు మెడ ఎన్కకు తిప్పి కోత చూసుకుంట, వంకర పోకుండ కోసేటోడు. గడ్డి కోస్తున్నడా దున్నుతున్నడా అని నాకే అనుమానమయ్యేది.

ఆ రోజు వాన వెలిసి ఎండ కాస్తుంది. గడ్డి అంచుకు వచ్చిన చిన్నాయన, చెలకల చేసినట్టే, సాలు తెగంగనే ఒడ్డు దాటి బాట మీదికెక్కి ట్రాక్టర్ మలిపిండు. పచ్చటి దాన్ని తొక్కొద్దు, మలుపుడు బాట మీదనే, అది మాకు చిన్నప్పటి సంది చెప్పిన పద్ధతి. ఈ బాటేమో విమానాలు దిగే బాటాయె. నేను అవతలి కొసకు జీపుల ఉన్న. దిగొస్తున్న విమానం చూసిన, బాట మీద ఎర్ర ట్రాక్టర్ చూసిన. విమానం ఒక్కసారి గర్జించి ఆయన నెత్తి మీదికెల్లి మళ్ళ మబ్బుల్లకు పోయింది. రుమాలు ఎగిరిపోతే, ఏందిరా గింత గాలి అని అప్పుడు పైకి చూసిండట పాపం.

ఎవ్వరికీ ఏం కాలేదు. పెద్ద సారు పిలిచి అడిగితే, "పచ్చగున్నదాన్ని తొక్కుకుంట ఎట్ల మలపాలె సారూ," అన్నడు. సారు చెడ్డోడు కాదు. నౌకరి ఉంచిండు గాని, ఇగ గడ్డి మీదికి మాత్రం రావద్దన్నడు. అది తప్పని నేననను, ఆ విమానంల అంతమంది పానాలుండె. చిన్నాయనను సామాన్ల బండ్లు గుంజే ట్రాక్టర్ మీద వేసిన్రు, పొద్దంత సిమెంటు మీద తిరుగుడు. ఆయన గడ్డి ట్రాక్టర్ నాకిచ్చిన్రు. పొద్దుగూకి పటాన్‌చెరు బస్సుల నా పక్కన కూసొని, నా అంగికంటిన గడ్డిపోసలు ఏరి వాసన చూసేటోడు. పక్కోళ్ళు చూస్తున్నరని నాకు సిగ్గయ్యేది, ఆయనకు కాకపోయేది.

ఆయన రిటైరయ్యే రోజు, కొత్తగ వచ్చిన సారు ఏమన్న కావాల్నా అని అడిగితే, ఒక్క సాలు కోసి పోతనన్నడు. సారుకు మనసుంది గాని కాయిదా కానూను ఒప్పలేదు. కావాలంటే జీపుల కూసొని ఒకసారి చూసి రమ్మన్నడు. జీపు నేనే నడిపిన. గడ్డెంబడి పోయినం. అంచు కాడికి రాంగనే ఆయన చేతులు వాటంతటవే లేసి, లేని స్టీరింగ్ పట్టుకొని, నిమ్మళంగ, బాట దిక్కు కాదు, లోపటికి, గడ్డి మీదికి తిప్పినయి. "గిట్ల మలపాలె రా," అన్నడు. సిమెంటు మీద సామాన్లు గుంజినన్ని ఏండ్లు మనసుల ఈ మలుపు ఎన్నిసార్లు మలుపుకున్నడో. నేను జీపు ఆపి ఏడ్చిన. ఆయన మాత్రం గడ్డి దిక్కే చూస్తున్నడు.

ఇప్పుడు ఆ పనికి పరీక్షలున్నయి, ప్రతి బండినీ పైనుంచి కనిపెట్టే తెరలున్నయి, మంచిదే, ఎవరి పానాలూ పోవద్దు. చిన్నాయన పోయి గూడ చాన ఏండ్లాయె. బిడ్డ ఇంటి బాల్కనీల నిలబడ్డప్పుడల్లా ఆయన యాదికొస్తడు. ఒక్కసారి ట్రాక్టర్ మీద కూసోబెట్టి, పో చిన్నాయనా, నీకిష్టమున్న కాడ మలుపుకో అందామనిపిస్తది. బొల్లారం నుంచి కొల్లూరు దాక అన్నీ బిల్డింగులే, ఎంత చూసినా, ఆయన ఒక్క సాలు తీసేటంత నేల నాకు కనబడుతలేదు.