శౌరమ్మ టీచరు అనుమానం

కొత్త కూలర్లో నీళ్లు పోసి స్విచ్ వేయగానే గదంతా తడిసిన వట్టివేళ్ల వాసన పరుచుకుంది. రెంటచింతలలో శౌరమ్మ టీచరు ఇంటి వసారా గుర్తొచ్చింది. ఎనభైల్లో నా మొదటి ఉద్యోగం ఆ ఊళ్లోనే. ఆమె రిటైరైన హెడ్మిస్ట్రెస్. భర్త పోయారు, పిల్లల్లేరు. ఆడపడుచు ఇన్నమ్మతో ఉంటూ ముందుగది నాకు అద్దెకిచ్చారు. అప్పట్లో క్లాసులో నా గొంతు పెగిలేది కాదు. సాయంత్రాలు వట్టివేళ్ల తడిక పక్కన కూర్చోబెట్టి, మర్నాటి పాఠం తనకు చెప్పించుకునేవారు. "గోడకెందుకు చెప్తావ్? నా మొహం చూసి చెప్పు," అనేవారు. ఆ వసారాలోనే నేను టీచరునయ్యాను.

రెండో వేసవికి ఆమెలో ఏదో మారింది. తాళాలు తానే దిండుకింద పెట్టి మర్చిపోయి, ఇన్నమ్మ దాచిందనేవారు. జపమాల తిప్పుతూ మధ్యలో మాటలు వెతుక్కునేవారు. గోడ పట్టుకోనిదే గడప దాటలేకపోయేవారు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి తలుపు దగ్గరికి వేశారు.

"ఇన్నమ్మ నా అన్నంలో ఏందో కలుపుతంది. నన్ను చంపాలని చూస్తంది. నువ్వు కనిపెట్టి చెప్పు."

నమ్మలేదు. కానీ నన్ను నిలబెట్టిన మనిషి మాటను కొట్టిపారేయనూ లేకపోయాను. ఇక ఇన్నమ్మ ఏం చేసినా నాకు వేరుగా కనిపించసాగింది. నేను వంటింట్లోకి వెళ్తే ఉలిక్కిపడేది. కొంగు ముడి పదేపదే తడుముకునేది. ఓ రోజు మంచినీళ్లకని వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. ముడి విప్పి, ఏదో తెల్లటి పొడి టీచరు పప్పన్నంలో కలుపుతోంది.

"ఏంటి పిన్నీ అది?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "బీపీ మాత్రమ్మా. మింగమంటే నా మొహాన ఊస్తంది. డాక్టరే ఇట్టా పెట్టమన్నాడు. చెప్పమాక తల్లీ, తెలిస్తే అన్నం కూడా మానేస్తది."

మాత్రల అట్ట చూపించినా నా అనుమానం తీరలేదు. మాచర్ల బస్సెక్కి ఆ డాక్టరునే అడిగాను. నిజమే.

తిరిగొచ్చేసరికి టీచరు నా కోసమే చూస్తున్నారు. "కలుపుతందా?"

లేదంటే గొడవ ఆ పూటకు తీరేది. ఆ కళ్లు చూస్తూ అబద్ధం నోటికి రాలేదు. "కలుపుతోందండీ. మీ బీపీ మాత్ర. డాక్టరు చెప్పబట్టే."

వెనక ఇన్నమ్మ బిగుసుకుపోయింది. టీచరు పైట చెంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"అయితే నాకు పిచ్చి లేదు," అన్నారు మెల్లగా.

ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కంచం పెట్టగానే అడిగారు. "ఏం కలిపావే?"

"ఇంకా కలపలా వదినా. ఇదుగో మాత్ర, నువ్వే చూడు." ఆమె కళ్లముందే నూరి కలిపింది ఇన్నమ్మ. టీచరు కంచం దగ్గరికి లాక్కున్నారు.

అనుమానం మాత్రం పోలేదు. పోనుపోను నేనెవరో కూడా ఆమెకు తెలియలేదు; నా చేతి నీళ్లనూ వాసన చూసి పక్కన పెట్టేవారు. కానీ ప్రతి పూటా ఆమె అడిగేవారు, ప్రతి పూటా ఇన్నమ్మ చెప్పేది. చివరిదాకా ఇన్నమ్మ చేతి అన్నమే తిన్నారు.

ఇప్పుడు మా అత్తగారు అడిగిందే అడుగుతుంటే, ఏదో ఒకటి చెప్పెయ్యమంటారు ఇంట్లోవాళ్లు. నాకది చేతకాదు. ఆమె పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు మళ్లీ మొదట్నుంచీ చెబుతాను.